ఆర్కిడ్ల కుటుంబం: పువ్వు విప్పి చూస్తే

(కర్నూలులో వృక్షశాస్త్ర విద్యార్థులు, అధ్యాపకులు, మేడ మీద మొక్కలు పెంచుకునేవారు కలిసిన సభలో చేసిన ప్రసంగం పాఠం. చివర సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. మీ ముందున్న బల్లల మీద రెండు రకాల పువ్వులున్నాయి. ఒకటి, విత్తనం కోసం వదిలేసిన ఎర్రగడ్డ చేలోంచి తెచ్చిన పూగుత్తి. రెండోది బొకేల్లో వాడే ఊదారంగు డెండ్రోబియమ్ ఆర్కిడ్. కర్నూలు వాళ్లకు ఎర్రగడ్డను ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. కానీ ఈ రెండూ చుట్టాలని చెబితే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ చుట్టరికం దగ్గరే మొదలుపెడదాం. ఆర్కిడ్ పువ్వు ఎంత మారిపోయిందో తెలియాలంటే అది ఎలాంటి పువ్వు నుంచి మారిందో ముందు చూడాలి కదా.

భూతద్దం పెట్టి ఎర్రగడ్డ పువ్వును చూడండి. బయట మూడు రేకులు, లోపల మూడు రేకులు. కేసరాలు ఆరు, మూడేసి చొప్పున రెండు వరుసలు. మధ్యలో మూడు గదుల అండాశయం, రేకులు పుట్టే చోటుకు పైన కూర్చుని ఉంటుంది. లిల్లీ తరహా ఏకదళబీజాలన్నిటికీ ఇదే పాత నమూనా. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, కలబంద, గట్ల మీద కంచెగా వేసే కిత్తనార, అడవిలో దొరికే పిల్లిపీచర, ఆర్కిడ్లు, ఇవన్నీ ఆస్పరాగేల్స్ అనే ఒకే క్రమానికి చెందినవి. ఆ క్రమంలో అన్నిటికంటే ముందు వేరుపడిన శాఖ ఆర్కిడ్లది.

ఇప్పుడు ఆర్కిడ్ పువ్వు తీసుకోండి. బయట మూడు రక్షకపత్రాలు ఉన్నాయి. లోపల మూడు ఆకర్షణపత్రాల్లో రెండు ఒకేలా ఉంటాయి, మూడోది ఆకారంలో, రంగులో వేరుగా ఉంటుంది. దాన్ని పెదవి అంటాం. పురుగు వచ్చి వాలే చోటు అదే. అండాశయం రేకుల కిందికి దిగిపోయింది, పువ్వు కాడలా కనిపించేదాంట్లోనే అది దాగి ఉంది. ఆ కాడను నిదానంగా చూస్తే కొద్దిగా మెలి కనబడుతుంది. మొగ్గలో పెదవి పైవైపు ఉంటుంది. పువ్వు విచ్చుకునేలోపు కాడ 180 డిగ్రీలు తిరిగి పెదవిని కిందికి తెస్తుంది. ఎక్కువ ఆర్కిడ్లలో ఈ తిరుగుడు ఉంది.

ఇక కేసరాలు వెతకండి. దొరకవు. పువ్వు నడుమ పెదవి మీదికి వంగిన పొట్టి, కండగల భాగం ఒకటుంది. దాన్ని స్తంభం అంటాం. కేసరం, కీలం, కీలాగ్రం ఏకమైపోయిన భాగం అది. స్తంభం కొనకు చిన్న టోపీ ఉంటుంది, దాని కింద పుప్పొడి. స్తంభం అడుగువైపు, టోపీకి కాస్త లోపలగా, తడిగా మెరిసే గుంట కనబడుతుంది. పుప్పొడి వచ్చి అంటుకోవాల్సిన కీలాగ్రం అదే.

పళ్లపుల్ల తీసుకోండి. ముందు దాని కొనను ఆ తడి గుంటకు ఒకసారి తాకించండి, జిగురు అంటుకుంటుంది. తరువాత పుల్లను పువ్వు లోపలినుంచి బయటికి, స్తంభం అడుగును రాసుకుంటూ, పైకెత్తినట్టు తీయండి. పురుగు వెనక్కి నడుస్తూ బయటపడేటప్పుడు దాని వీపు కదిలే దారి కూడా ఇదే. టోపీ ఊడి, పుల్ల కొనకు పసుపురంగు ముద్దలు అంటుకుని వస్తాయి. డెండ్రోబియమ్‌లో నాలుగు ముద్దలు, వాండాలో రెండు. వీటిని పొలీనియా అంటారు. పైనుంచి కిందికి నొక్కినవాళ్లకు టోపీ జారి కింద పడి, పొలీనియా బల్ల మీద పోయి ఉంటాయి. ఇంకో పువ్వు తీసుకుని మళ్లీ చేయండి, కిటుకంతా దిశలోనే ఉంది.

పుప్పొడి పొడిగా రాలకుండా ముద్దగా రావడం మనకు కొత్తేమీ కాదు. దారి పక్కన జిల్లేడు పువ్వును విప్పి చూడండి, జంటలు జంటలుగా పొలీనియా దొరుకుతాయి. జిల్లేడు ద్విదళబీజం, ఆర్కిడ్‌తో దగ్గరి చుట్టరికం ఏమీ లేదు. పుప్పొడిని మూటగట్టి పురుగుకు అంటించే పద్ధతి పూలమొక్కల్లో వేరువేరుగా రెండు వంశాల్లో పుట్టిందన్నమాట.

ఇక వర్గీకరణకు వస్తాను. దీన్ని పేర్ల జాబితాగా బట్టీపడితే రెండు రోజుల్లో మరిచిపోతాం. ఎర్రగడ్డలోని ఆరు కేసరాలను మనసులో పెట్టుకుని, అవి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటూ పోతే గుర్తుండిపోతుంది.

ఆర్కిడ్లలో ఇప్పుడు అయిదు ఉపకుటుంబాలున్నాయి. మొదటిది అపోస్టేసియాయిడే. న్యూవీడియా, అపోస్టేసియా అని రెండే ప్రజాతులు (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు), అన్నీ కలిపి ఇరవైలోపు జాతులు. ఈశాన్య భారతం నుంచి జపాన్, ఉత్తర ఆస్ట్రేలియా దాకా అడవి నీడలో పెరిగే చిన్న మొక్కలు. న్యూవీడియాలో మూడు కేసరాలు, అపోస్టేసియాలో రెండు. పుప్పొడి ఇంకా పొడిగానే ఉంటుంది, పెదవి మిగతా రేకుల్లోనే కలిసిపోయినట్టుంటుంది. ఇది ఆర్కిడ్ అని చెబితే చూసినవాళ్లు ఒప్పుకోరు, అంత సాదా పువ్వు. నా దృష్టిలో ఈ కుటుంబం మొత్తంలో దీనికంటే విలువైన మొక్క లేదు. ఎర్రగడ్డలాంటి పువ్వుకూ మన చేతిలోని డెండ్రోబియమ్‌కూ నడుమ దారి ఎలా నడిచిందో చూపే ఆనవాలు ఇదొక్కటే బతికి ఉంది.

సిప్రిపీడియాయిడే, అంటే చెప్పు ఆకారం పెదవి ఉన్న స్లిప్పర్ ఆర్కిడ్లు. వీటికి రెండు కేసరాలు, స్తంభానికి ఆ పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి. మూడో కేసరం గొడ్డుదై డాలులా అడ్డంగా నిలిచింది. పురుగు సంచిలో పడి, ముందునుంచి ఎక్కలేక వెనకదారి పడుతుంది. ఆ ఇరుకు దారిలో మొదట కీలాగ్రం, తరువాత పుప్పొడి. ఈ వరుస వల్ల పువ్వు తన పుప్పొడి తనకే అంటకుండా తప్పించుకుంటుంది. ఇందులో అయిదు ప్రజాతులు, దాదాపు 170 జాతులు.

వెనిల్లాయిడేలో ఒక్క కేసరమే. పుప్పొడి మాత్రం మెత్తగా, గట్టిపడని ముద్దగా ఉంటుంది. ఐస్‌క్రీముల్లోని వెనిల్లా ఈ ఉపకుటుంబంలోదే.

ఆర్కిడాయిడే: ఒక్క కేసరం, ఎక్కువగా నేలమీద పెరిగేవి, చాలావాటికి కింద దుంప. మన నల్లమలలో వానాకాలం కనిపించే హేబెనేరియాలు ఈ గుంపే. అయిదోది ఎపిడెండ్రాయిడే, దీంట్లోనూ ఒక్క కేసరమే, పొలీనియా మైనంలా గట్టివి. ప్రపంచంలోని ఆర్కిడ్లలో నూటికి ఎనభై ఇందులోనే ఉన్నాయి. డెండ్రోబియమ్, వాండా, ఫలనాప్సిస్, క్యాట్లియా, బల్బోఫిల్లమ్, అన్నీ ఇక్కడివే.

మొత్తం కుటుంబం సుమారు 28,000 జాతులు, 700కు పైగా ప్రజాతులు. ఇంత పెద్ద గుంపును సర్దడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. 1753లో లిన్నేయస్ చెట్లమీద పెరిగే ఆర్కిడ్లను ఎపిడెండ్రమ్ అనే ఒకే సంచిలో వేశాడు. దాని ఆనవాలు మన తెలుగు నేల మొక్కలోనే ఉంది. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ మన మామిడి చెట్ల మీద పెరిగే వాండాను 1795లో కోరమాండల్ మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా వర్ణించాడు. ఆయన పెట్టిన పేరు ఎపిడెండ్రమ్ టెసలేటమ్. అదే ఇప్పటి వాండా టెసలేటా. 1830, 1840ల నడుమ జాన్ లిండ్లీ కేసరాల సంఖ్యను, పుప్పొడి ముద్దల తీరును ఆధారం చేసుకుని ఆర్కిడ్లకు మొదటిసారి గట్టి చట్రం కట్టాడు. ఆ రోజుల్లోనే, 1831లో, రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ ఆకుపొర కణాల్లో కనిపించిన గుండ్రటి భాగానికి కేంద్రకం అని పేరు పెట్టాడు. తొమ్మిదో తరగతి పుస్తకంలో కేంద్రకం గురించి చదివే ప్రతి పిల్లవాడూ తెలియకుండానే ఆర్కిడ్ దగ్గరికి వెళ్లి వస్తున్నాడు.

లిండ్లీ లెక్క ప్రకారం దారి సూటిగా ఉండాలి: మూడు కేసరాలు, తరువాత రెండు, తరువాత ఒకటి. 1990ల నుంచి డీఎన్ఏ వరుసలు చదవడం మొదలయ్యాక ఆ సూటిదారి చెదిరింది. ముందు అపోస్టేసియా శాఖ విడిపోయింది, అంతవరకు సరే. తరువాత విడిపోయింది ఒక్క కేసరం ఉన్న వెనిల్లా శాఖ. రెండు కేసరాల స్లిప్పర్ ఆర్కిడ్లు ఆ తరువాత విడిపోయాయి. చివర ఆర్కిడాయిడే, ఎపిడెండ్రాయిడే అక్కచెల్లెళ్లుగా మిగిలాయి. దీనర్థం ఏమిటంటే, కేసరాలు ఒకటికి తగ్గడం ఈ కుటుంబంలో కనీసం రెండుసార్లు, వేరువేరుగా జరిగింది. పరీక్షలో ఎవరైనా ఒక్క కేసరం ఉన్నవన్నీ ఒకే పూర్వికుడి సంతానమని రాస్తే మార్కులు పోతాయి. పోలికను బట్టి చుట్టరికం కట్టేటప్పుడు ఎక్కడ పొరబడతామో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఇదే కారణంతో పాత పుస్తకాల్లోని వాండాయిడే, స్పైరాంథాయిడే అనే ఉపకుటుంబాలు ఇప్పుడు లేవు. మొదటిది ఎపిడెండ్రాయిడేలో, రెండోది ఆర్కిడాయిడేలో కలిసిపోయాయి. మీ కాలేజీ లైబ్రరీలో 1990కి ముందు అచ్చయిన పుస్తకం ఉంటే వర్ణనల కోసం ధైర్యంగా వాడుకోండి. వర్గీకరణ మాత్రం కొత్తదాంట్లో సరిచూసుకోండి.

వయసు సంగతి. ఆర్కిడ్ శిలాజాలు చాలా అరుదు. మెత్తని మొక్కలు, సగానికి పైగా చెట్ల మీదివి, చస్తే బురదలో పూడిపోవు, అక్కడే కుళ్లిపోతాయి. పుప్పొడి గాలిలో ఎగరదు కాబట్టి చెరువు అడుగుమట్టిలోనూ దొరకదు. అలాంటిది 2007లో డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన ఒక అంబర్ (రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు) ముక్కలో, కుట్టని తేనెటీగ వీపు మీద అంటుకుని ఉన్న పొలీనియాను శాస్త్రవేత్తలు వర్ణించారు. అంబర్ వయసు ఒకటిన్నర నుంచి రెండు కోట్ల సంవత్సరాలు. ఆ ఆర్కిడ్‌కు మెలియోర్కిస్ కరిబియా అని పేరు పెట్టారు. పువ్వు చిక్కలేదు, పువ్వు నుంచి మూట మోసుకుపోతున్న ఈగ చిక్కింది. దాని సాయంతో లెక్కగడితే ఇప్పుడున్న ఆర్కిడ్లన్నిటి ఉమ్మడి పూర్వికుడు 7.6 నుంచి 8.4 కోట్ల ఏళ్ల కిందటిదని తేలింది. తరువాతి లెక్కలు కొన్ని 9 కోట్ల దాకా వెళ్లాయి. ఎలా చూసినా డైనోసార్లు ఉన్న కాలమే. 2017లో అపోస్టేసియా షెంజెనికా జన్యుపటం చదివినప్పుడు, ఆర్కిడ్లన్నీ విడిపోవడానికి ముందే వాటి పూర్వికుడిలో జన్యువులన్నీ ఒకసారి రెట్టింపయ్యాయని కనబడింది. అలా మిగులు దొరికిన జన్యువుల్లో కొన్ని పెదవిని మిగతా రేకుల నుంచి వేరు చేసే పనిలో స్థిరపడ్డాయి.

అయితే వయసు ఒక్కటే 28,000 జాతులను ఇవ్వదు. అసలు కీలకం విత్తనంలో ఉంది, ఇక్కడ కొంచెం నిదానిద్దాం.

వేరుశనగ గింజలో మొలకకు కావలసిన తిండంతా తల్లి మూటగట్టి ఇస్తుంది. ఆర్కిడ్ ఆ పని పూర్తిగా మానేసింది. అంకురచ్ఛదం ఉండదు, బీజదళం ఉండదు. పలచని గాలితిత్తిలాంటి తొక్క, లోపల వంద, రెండు వందల కణాల పిండం. బరువు మిల్లీగ్రాములో వెయ్యోవంతు లెక్కలో ఉంటుంది. ఖర్చు తక్కువ కాబట్టి ఒక్క కాయలో లక్షలు పెడుతుంది, కొన్ని జాతుల్లో పది లక్షలు దాటుతాయి. లక్ష అండాలు ఫలదీకరణ చెందాలంటే లక్షకు పైగా పుప్పొడి రేణువులు కావాలి. ఈగ ఒక్కోసారి నాలుగు రేణువులు తెస్తే ఎప్పటికి తీరేను? అందుకే మూటగా, ఒకే రాకలో మొత్తం చేరేలా పొలీనియా. ధూళివంటి విత్తనం, ముద్ద పుప్పొడి, ఈ రెండూ ఒకదానికొకటి తోడు. విడివిడిగా చదివితే అర్థం కావు.

తిండి లేని విత్తనం మొలిచేది ఎలా? శిలీంధ్రం వల్ల. తులస్నెల్లా, సెరటోబసిడియమ్ వంటి శిలీంధ్రాల పోగు విత్తనంలోకి దూరుతుంది. పిండం ఆ పోగులను తనలోనే జీర్ణించుకుని చక్కెరలు లాక్కుంటుంది. మొదట వేరూ ఆకూ లేని చిన్న ముద్దగా ఊరుతుంది, దాన్ని ప్రోటోకార్మ్ అంటారు. ఈ సంగతి 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టేదాకా తోటమాలులు లక్షల విత్తనాలు చల్లి ఎందుకు మొలవలేదో తెలియక తలపట్టుకున్నారు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండానే, చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద మొలిపించి చూపాడు. ఇప్పుడు మన దుకాణాల్లో అమ్మే మొక్కలన్నీ ఈ ఇద్దరి పని మీద నిలబడ్డవే.

మీ కాలేజీ ల్యాబులో చేయదలిస్తే పద్ధతి చెబుతాను. కాయ పగలకముందే, పచ్చగా ఉండగానే తీసుకోవాలి. పగిలిన కాయలోని విత్తనం మీద బూజు చేరి ఉంటుంది, దాన్ని విడిగా శుద్ధి చేయడం కష్టం. పచ్చికాయను సబ్బునీటితో కడిగి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో పదిహేను నిమిషాలు ముంచి, ల్యామినార్ గాలిపెట్టెలో ఆల్కహాల్‌లో ముంచి ఒక్క క్షణం మంట చూపించి, కోసి విత్తనం చల్లాలి. నడ్సన్ సి మాధ్యమం, లీటరుకు 20 గ్రాముల చక్కెర, 8 నుంచి 10 గ్రాముల అగర్, పీహెచ్ 5.2 నుంచి 5.5. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు. పీహెచ్ అయిదు కంటే బాగా తగ్గితే అగర్ గట్టిపడదు, మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. విత్తనాలు గుట్టగా పడితే ఒకదాన్నొకటి అణిచేస్తాయి, పలచగా చల్లండి. నెలల తరబడి ఓపిక కావాలి. సీసాలోంచి పువ్వుదాకా చాలా రకాలకు మూడు నుంచి ఏడేళ్లు.

ధూళి విత్తనం గాలిలో చాలా దూరం పోతుంది. ఇండోనేషియాలోని క్రకటోవా దీవి 1883లో అగ్నిపర్వతం పేలి బూడిదైంది. ఆ శతాబ్దం ముగిసేలోపే అక్కడికి తిరిగొచ్చిన మొక్కల్లో ఆర్కిడ్లున్నాయి. ఇలా కొత్త కొండకు, కొత్త దీవికి నాలుగు విత్తనాలు చేరి, సరైన శిలీంధ్రం దొరికి నిలబడితే, ఆ చిన్న గుంపు మూలవంశంతో సంబంధం తెగి తన దారి తాను పడుతుంది. అక్కడి పురుగు వేరైతే పువ్వూ మారుతుంది. ఎపిడెండ్రాయిడే అంతగా పెరగడానికి ఇదొక పెద్ద కారణం. చెట్టెక్కడం, రాత్రిపూట గాలి పీల్చే కిరణజన్య సంయోగక్రియ, ఆండీస్ వంటి పర్వతాలు లేవడం, ఇవన్నీ దానికి తోడయ్యాయి.

పురుగుల సంగతి చాలామందికి కొంత తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. మడగాస్కర్ ఆర్కిడ్ ఆంగ్రేకమ్ సెస్క్విపెడేల్‌కు పువ్వు వెనక సుమారు 30 సెంటీమీటర్ల తేనెగొట్టం ఉంటుంది. 1862లో డార్విన్ దాన్ని చూసి అంత తొండం ఉన్న చిమ్మట మడగాస్కర్‌లో ఉండి తీరాలన్నాడు. ఆయన పోయిన ఇరవై ఒక్క ఏళ్లకు, 1903లో, ఆ చిమ్మటకు శాస్త్రీయ వర్ణన వచ్చింది. ఆర్కిస్ అనే ఆర్కిడ్ ప్రజాతిలోని జాతుల్లో పొలీనియాను సూదితో బయటికి తీసి అర నిమిషం చూస్తే, నిటారుగా ఉన్న కాడ తనంతట తానే ముందుకు వంగుతుంది. తరువాతి పువ్వులో కీలాగ్రం సరిగ్గా ఆ ఎత్తులో ఉంటుంది. దీన్నీ డార్విన్ గడియారం పట్టుకుని చూశాడు. ఆఫ్రిస్ అనే మధ్యధరా ప్రాంతపు ఆర్కిడ్ ఆడ తేనెటీగ వాసనను రసాయనాలతో సహా అనుకరించి మగదాన్ని రప్పిస్తుంది. తేనె ఇవ్వకుండా పని జరుపుకునే ఆర్కిడ్లు సుమారు మూడో వంతు ఉంటాయని అంచనా.

ఇందులోంచి తోటపనికి ఉపయోగపడే సంగతి ఒకటి వచ్చింది. చాలా జాతులను వేరుగా ఉంచుతున్నది వాటి పురుగులే. జన్యువుల మధ్య అడ్డుగోడ పలచన. మనిషి పుల్లతో పుప్పొడి మారిస్తే జాతులే కాదు, ప్రజాతులు కూడా కలుస్తాయి. మొదటి సంకరం 1856లో ఇంగ్లండులో పూసింది. ఇప్పటికి నమోదైన సంకరాలు లక్ష దాటాయి. బజారులో మీకు దొరికే మొక్కకు అడవిలో పుట్టిల్లు వెతకకండి, దొరకదు.

ప్రపంచంలో చూస్తే అంటార్కిటికా ఖండం తప్ప అన్నిచోట్లా ఆర్కిడ్లున్నాయి. దక్షిణాన మెక్వారీ దీవి చలిగాలుల్లో ఉన్నాయి, ఉత్తరాన అలాస్కాలో ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో రైజాంథెల్లా గార్డ్‌నరీ మట్టికిందే పూస్తుంది, 1928లో దున్నేటప్పుడు బయటపడింది. దానికి పచ్చదనమే లేదు, బతుకంతా శిలీంధ్రం మీదే. కానీ అసలు సంపద ఉష్ణమండలపు తడి కొండల్లో ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌కు రెండింతలు కూడా లేని ఈక్వెడార్‌లో 4,000కు పైగా జాతులు, పక్కన కొలంబియాలోనూ 4,000కు పైనే. ఒక్క న్యూగినియా దీవిలో దాదాపు 2,800. భారతదేశం మొత్తానికి, 2019లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క ప్రకారం 1,256 జాతులు. వాటిలో 388 మన దేశంలో తప్ప ఎక్కడా లేవు. ఒక్క అరుణాచల్‌ప్రదేశ్‌లోనే 612.

మరి మన దగ్గర? రాయలసీమ ఆర్కిడ్లకు అనువైన నేల కాదు. చెట్టు మీది ఆర్కిడ్‌కు మొత్తం వానకంటే ఏడాది పొడవునా గాలిలో తేమ, తెల్లవారుజాము మంచు ముఖ్యం. నల్లమలలో లోయలు, వాగులు ఉన్నచోట అది కొంత దొరుకుతుంది, అనంతపురం వైపు పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఇంత ఎండలో నిలబడగలిగిన వాటిలో ముఖ్యమైనది వాండా టెసలేటా. దాని సాధనాలు రెండు. ఒకటి, ఆకు రంధ్రాలను పగలు మూసి రాత్రి తెరుస్తుంది, నీరు ఆవిరి కాకుండా బొగ్గుపులుసు వాయువును రాత్రి నిల్వ చేసుకుంటుంది. రెండోది వేరు చుట్టూ ఉన్న వెలమెన్. చచ్చిన కణాల తెల్లని పొర అది. వాన చుక్క పడగానే పీల్చుకుని పచ్చగా మారుతుంది, ఆరితే మళ్లీ తెల్లబడుతుంది. పువ్వు అయిదు సెంటీమీటర్ల లోపు, పసుపుపచ్చ మీద గోధుమరంగు గళ్లు, పెదవి నీలి ఊదా, మంచి వాసన.

నేలమీద హేబెనేరియా రాక్స్‌బర్గీ ఉంది. రెండు మూడు వెడల్పు ఆకులు నేలకు అతుక్కుని, నడుమ తెల్లని పూలకంకి. ఎండాకాలమంతా దుంపగా మట్టిలో దాగి, వానలు నిలబడ్డాక లేస్తుంది. తూర్పు కనుమల్లో కనిపించే జియోడోరమ్ డెన్సిఫ్లోరమ్ పూలకాడ కొన కిందికి వంగి ఉంటుంది. కాయ కట్టాక అదే కాడ నిటారుగా లేస్తుంది, విత్తనం గాలికి అందాలి కాబట్టి. వేసవిలో అడవికి నిప్పు పెడితే దుంప లోతుగా ఉన్నవి బతకవచ్చు. చెట్టు మీదివి, మొలకలను పోషించే పైమట్టి శిలీంధ్రాలు మాత్రం పోతాయి. నల్లమలకు ఇదే అన్నిటికంటే పెద్ద దెబ్బ.

ఇంటి మేడ మీద పెంచేవారికి కొన్ని మాటలు. ఇక్కడి ఎండకు డెండ్రోబియమ్ సంకరాలు, వాండాలు తట్టుకుంటాయి. ఫలనాప్సిస్ 35 డిగ్రీలు దాటితే సొక్కిపోతుంది, ఇంట్లో కిటికీ దగ్గర పెట్టుకోండి. సింబిడియమ్ కొనకండి. పూమొగ్గ పట్టడానికి దానికి చల్లటి రాత్రులు కావాలి, కర్నూలులో ఆకులు పెరుగుతాయి, పువ్వు రాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 75 శాతం షేడ్‌నెట్, మిగతా కాలం 50 శాతం. మట్టి అసలు వేయొద్దు. పక్కన రంధ్రాలున్న మట్టికుండలో రెండు మూడు సెంటీమీటర్ల బొగ్గుముక్కలు, ఇటుకముక్కలు చాలు.

ఇక్కడ మొక్కలు ఎక్కువగా చచ్చేది ఎండవల్ల కాదు, నీళ్లవల్ల. మన బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ. నీరు ఆరిపోతుంది, ఉప్పు వెలమెన్ మీద మిగులుతుంది, వేరుకొన నల్లబడి ఆగిపోతుంది. బొగ్గు మీద తెల్లని పొర కనబడితే కారణం అదే. టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల కొలత) 200 లోపు ఉన్న నీరు మేలు. మేడ మీద పడే వాననీరు పట్టి పెట్టుకుంటే అంతకంటే మంచిది లేదు. 20-20-20 ఎరువు లీటరుకు అరగ్రాము నుంచి ఒక గ్రాము, వారానికి ఒకసారి, నడుమ వట్టి నీటితో బాగా కడగాలి. వేరు తెల్లగా ఉంటే నీళ్లు పోయండి, పచ్చగా ఉంటే ఆగండి. ఉదయం పోయండి. ఆకుల నడుమ గుంటలో రాత్రి నీరు నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది.

ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (రైతు): సార్, మా మామిడి తోటలో బదనిక పట్టింది. అదీ, మీరు చెప్పిన ఆర్కిడ్డూ ఒకటేనా? కొట్టేయాలా?

మంచి ప్రశ్న అడిగారు. చాలా ఊళ్లలో చెట్టు మీద పెరిగే ప్రతిదాన్నీ బదనిక అంటారు, అందుకే వాండాలు కూడా నరికేస్తున్నారు. అసలు బదనిక పరాన్నజీవి. కొమ్మలోకి చొచ్చుకుపోయి నీరు, లవణాలు లాగుతుంది, అతుక్కున్న చోట కొమ్మ బొడిపె కడుతుంది. గొట్టాల్లాంటి నారింజ ఎరుపు పూలు, పిట్టలు తినే పండ్లు. దాన్ని బొడిపె కింద ఒక అడుగు వదిలి కొమ్మతో సహా తీసేయండి. ఆర్కిడ్ వేరు తెల్లగా, లావుగా, బెరడు పైపైనే పాకుతుంది. కొనలు పచ్చగా ఉంటాయి. ఆకులు పట్టీల్లా రెండు వరుసల్లో ఉంటాయి. కొమ్మ ఉబ్బదు. మీ మామిడి నుంచి అది ఒక్క చుక్క రసం కూడా తీసుకోదు. దాన్ని వదిలేయండి.

ప్రశ్న (విద్యార్థిని): వెనిల్లా మన జిల్లాలో పండుతుందా?

లాభసాటిగా పండదమ్మా. గాలిలో తేమ, నీడ, బాగా వాన కావాలి. కేరళ, కర్ణాటక మలెనాడులో వేస్తున్నారు. పైగా పువ్వు ఒక్క పూటే ఉంటుంది. మెక్సికోలోని సహజ పురుగులు మన దగ్గర లేవు, ప్రతి పువ్వుకూ ఉదయాన్నే చేత్తో పరాగం పెట్టాలి. పెదవిని చీల్చి, పుప్పొడికీ కీలాగ్రానికీ నడుమ ఉన్న చిన్న తెరను సన్నపుల్లతో పైకెత్తి, బొటనవేలితో నొక్కుతారు. ఈ పద్ధతిని 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ కనిపెట్టాడు. అప్పటికతను పన్నెండేళ్ల బానిస పిల్లవాడు. ప్రపంచమంతా ఇప్పటికీ అతని పద్ధతే వాడుతోంది. కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు, తరువాత వాసన పుట్టించడానికి మగ్గబెట్టే పని.

ప్రశ్న (అధ్యాపకుడు): నల్లమల వెళ్లినప్పుడు పిల్లలు ఆర్కిడ్ చూస్తే ఏం చేయాలి? నమూనా తేవచ్చా?

తేవద్దండి. అది పులుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తుంచకూడదు. ఆర్కిడ్ల అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా సైటీస్ అనే, ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే దేశాల ఒప్పందం కింద నియంత్రణ ఉంది. ఫోటోలతోనే చాలావరకు గుర్తుపట్టవచ్చు, కానీ అందరూ పువ్వును ఎదురుగా ఒక్కటి తీసి వచ్చేస్తారు, దానితో జాతి తేలదు. పువ్వు ఎదురుగా ఒకటి, పక్కనుంచి తేనెగొట్టం కనబడేలా ఒకటి, పెదవిని దగ్గరగా ఒకటి, స్తంభం కొనను కిందినుంచి ఒకటి తీయించండి. ఆకుల మొదలు, ఆకు కొన, వేరు, మొక్క మొత్తం కూడా ఉండాలి. వాండా ఆకు కొన కొరికినట్టు ఉంటుంది, ఆ గుర్తు చాలాసార్లు పనికొస్తుంది. పక్కన స్కేలు పెట్టండి. ఆతిథ్యమిచ్చిన చెట్టు పేరు, తేదీ, సుమారు ఎత్తు నోటుపుస్తకంలో రాయించండి. ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీయండి. అరుదైనది అనిపిస్తే ఆ చోటు వివరం అటవీశాఖకు చెప్పండి, ఫోటోతో పాటు అందరికీ కనిపించేలా పెట్టకండి. మొక్కలు పీకి అమ్ముకునేవాళ్లు కూడా ఆ ఫోటోలే చూస్తారు.